తగ్గడం నేర్చుకున్న తీగ

ఇంటికి తీసుకున్న ప్లాన్ 300 మెగాబిట్లది. వైఫైని నమ్ముకోకుండా రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా వైరు కూడా లాగించాం. అయినా స్పీడ్ టెస్ట్ పెడితే 94 దగ్గర ఆగిపోతుంది. పొద్దున పెట్టినా 94, అర్ధరాత్రి పెట్టినా 94. వైఫైలో ఉండే ఎగుడుదిగుళ్ళు లేవు. ఎవరో గీత గీసి ఇక్కడిదాకానే అన్నట్టు ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా సైడ్ నుంచి అంతా ఓకే సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అంటారు. చేస్తాం. మళ్ళీ 94.

శాసనంలో అక్షరాల వంపు చూసి అది ఏ శతాబ్దిదో చెప్పేవాళ్ళుంటారు. నెట్‌వర్కులతో కొంతకాలం పనిచేసినవాళ్ళకి 94 అలాంటి అక్షరం. అది 1995 నాటిది. ఆ ఏడాది వచ్చిన ఫాస్ట్ ఈథర్నెట్ వేగం సెకనుకి 100 మెగాబిట్లు. వైరు మీద వెళ్ళే ఒక నిండు పొట్లం, దాని చిరునామాలూ, తప్పులు పట్టే అంకెలూ, పొట్లానికీ పొట్లానికీ మధ్య వదలాల్సిన ఖాళీ అన్నీ కలుపుకుంటే 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో మనకి అందే సరుకు మామూలుగా 1448 బైట్లు. భాగించి చూస్తే నూటికి 94. అంటే గిగాబిట్ అని కొన్న వైరూ, గిగాబిట్ అని కొన్న రౌటరూ ఏదో కారణం వల్ల 1995కి వెనక్కి వెళ్ళిపోయాయి. వెళ్ళిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు వెళ్ళాయి, ఎందుకు చెప్పలేదు అని వెతుక్కుంటూ పోతే నేను 1881 దాకా వెళ్ళాల్సి వచ్చింది.

*

టెలిఫోన్ వచ్చిన కొత్తలో ఫోన్ లైనంటే టెలిగ్రాఫ్ లాగే ఒంటి ఇనప తీగ. కరెంటు తిరిగి రావడానికి భూమినే వాడుకునేవాళ్ళు. టెలిగ్రాఫ్‌కి అది సరిపోయింది, అక్కడ కావాల్సింది టకటకలే కాబట్టి. మనిషి గొంతుకి సరిపోలేదు. పక్క తీగలో వెళ్ళే టెలిగ్రాఫ్ టకటకలూ, పక్కవాళ్ళ మాటలూ ఇందులోకి దిగేవి. 1881 జులైలో అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కి దీనికి విరుగుడుగా ఒక పేటెంట్ దొరికింది. అందులోని ఉపాయం ఇంత చిన్నది: ఒక తీగ బదులు రెండు తీగలు వేసి, వాటికి పురి పెట్టండి.

మోకుకి పురి పెట్టేది బలం కోసం. ఇక్కడ పురి పెట్టేది బయటి రొదని రెండు తీగలకీ సమంగా పంచడం కోసం. పురి ఉంటే ఒక్కో మెలికలో ఒక్కో తీగ రొదకి దగ్గరవుతుంది, కాబట్టి చివరికి రెండింటి మీదా పడే రొద దాదాపు ఒకటే. అవతలి కొసన మనం చూసేది రెండు తీగల మధ్య తేడా మాత్రమే. రెండింటిలోనూ సమంగా ఉన్న రొద ఆ తీసివేతలో పోతుంది, పంపిన మాట మిగులుతుంది. ఇవాళ మన గోడల్లో ఉన్న క్యాట్ 5, క్యాట్ 6 కేబుళ్ళలో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. ఒక్కో జంటకి పురి ఒక్కో లెక్కలో ఉంటుంది, జంటల మధ్య కూడా మాటలు దిగకుండా. బెల్ ఉపాయానికి 140 ఏళ్ళు దాటాయి. దాన్ని పక్కన పెట్టించే ఉపాయం రాగి తీగ మీద ఇంకా రాలేదు.

అయితే కంప్యూటర్ల నెట్‌వర్క్ మొదట ఈ తీగ మీద పుట్టలేదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో ఒక నెట్‌వర్క్ నడిపింది, పేరు అలోహానెట్. అందరికీ ఒకటే రేడియో దారి. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు మాట్లాడతారు. ఇద్దరి మాటలు గుద్దుకుంటే ఇద్దరూ ఆగి, ఎవరికి వారు ఇష్టమొచ్చినంత సేపు వేచి, మళ్ళీ చెప్తారు. లెక్క ప్రకారం ఈ పద్ధతిలో ఆ దారి సామర్థ్యంలో నూటికి 18 వంతుల కంటే ఎక్కువ వాడుకోలేం.

అబ్రామ్సన్ వ్యాసం చదివిన బాబ్ మెట్‌కాఫ్, జిరాక్స్ పార్క్‌లో 1973 మే 22న ఒక మెమో రాశాడు. ఈథర్నెట్ అన్న పేరు అందులోనే మొదట కనబడుతుంది. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని పందొమ్మిదో శతాబ్దం నమ్మింది. భౌతికశాస్త్రం వదిలేసిన ఆ పేరుని మెట్‌కాఫ్ ఒక కేబుల్‌కి పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి అతను కట్టిన మొదటి ఈథర్నెట్ వేగం 2.94 మెగాబిట్లు. మన 94కీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, వట్టి కాకతాళీయం.

ఈథర్నెట్ అలోహాకి రెండు మర్యాదలు నేర్పింది. అరుగు మీద నలుగురు కూర్చున్నప్పుడు బుద్ధిమంతుడు ఏం చేస్తాడో అదే. ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, అప్పుడు నోరు విప్పు. ఇద్దరూ ఒకేసారి మొదలెడితే వెంటనే ఆపేయ్. మళ్ళీ గుద్దుకుంటే ఈసారి ఇంకా ఎక్కువ సేపు ఆగు. వేచి ఉండే వ్యవధి గుద్దుకున్న ప్రతిసారీ రెట్టింపవుతూ పోతుంది. తగ్గేదే లేదన్నవాళ్ళు నలుగురు చేరితే అరుగు నడవదు. ఈ రంగంలో తగ్గడాన్ని ఇలా సూత్రంగా కట్టిన మొదటి ఘట్టాల్లో ఇదొకటి.

అప్పటి ఈథర్నెట్ తీగ లావుపాటి కోయాక్సియల్ కేబుల్. తర్వాత సన్నటి కేబుల్ వచ్చింది. మా ముందుతరం వాళ్ళ కాలేజీ ల్యాబుల్లో అదే ఉండేదట. ఒకే కేబుల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకుతూ పోయేది. ఎవరి కాలో తగిలి ఒకచోట ఊడితే ల్యాబంతా ఆగిపోయేది. అది పెద్ద తలనొప్పి. కానీ ఒకటి గమనించండి: తప్పు జరిగిన క్షణంలోనే గదిలో అందరికీ తెలిసేది.

*

ఆఫీసుల్లో కొత్తగా కోయాక్సియల్ లాగడం ఖర్చు. గోడల్లో అప్పటికే ఫోన్ల కోసం వేసిన పురి తీగలు ఉన్నాయి. వాటి మీదే ఈథర్నెట్ నడపాలని 1980ల చివర్లో చాలామంది ప్రయత్నించారు, 1990లో టెన్‌బేస్-టీ అనే ప్రమాణం ఖాయమైంది. సెకనుకి 10 మెగాబిట్లు, రెండు జంటలు చాలు: పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. ప్రతి కంప్యూటర్‌కీ నడిమి పెట్టె నుంచి వేరే కేబుల్. ఒకటి తెగితే ఒకరికే నష్టం.

ఇక్కడ జరిగిన ఒక సర్దుబాటు ఇప్పటికీ మన ఇళ్ళలో ఇబ్బంది పెడుతోంది. ఎనిమిది కాళ్ళ ప్లగ్‌లో నడిమి రెండు కాళ్ళు, అంటే 4, 5, ఫోన్‌వి. ఫోన్ మోగేటప్పుడు ఆ తీగల్లో ఎక్కువ వోల్టేజి వస్తుంది. వాటి జోలికి పోకుండా ఈథర్నెట్ 1, 2 కాళ్ళని ఒక జంటకీ, 3, 6 కాళ్ళని ఇంకో జంటకీ తీసుకుంది. మూడూ ఆరూ! అందుకే ఇవాళ్టికీ ప్లగ్ క్రింప్ చేసేటప్పుడు నీలం జంటని మధ్యలో కూర్చోబెట్టి, పచ్చ జంటని విడదీసి దానికి అటొకటి ఇటొకటి పెడతారు. ఫోన్ తీగ చాలా ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది, దానికి వదిలిన చోటు మాత్రం ఉండిపోయింది.

ఈ చరిత్ర తెలియని మనిషి ఏం చేస్తాడు? తర్కంగా ఉండేదే చేస్తాడు. నారింజ జంట, పచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట అని వరసగా పెడతాడు. రెండు కొసలా అలాగే పెడతాడు. టెస్టర్ పెట్టి చూస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వెలుగుతాయి.

విజయవాడలో మా బాబాయి వాళ్ళింట్లో నేను చూసింది సరిగ్గా ఇదే. మా పిన్ని అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఆన్‌లైన్‌లో సంగీతం చెప్తుంది. పాఠం మధ్యలో గొంతు తెగిపోవడం, తాళం ఒకచోట ఉంటే పాట ఇంకోచోట వినబడటం చాలాకాలంగా ఉన్నదే. మొదట లాప్‌టాప్ పాతదై ఉంటుందని కొత్తది కొన్నారు. తర్వాత ఇద్దరు పిల్లలు మానేశారు. ఆపైన పిన్ని వీడియో ఆపేసి గొంతుతోనే పాఠం చెప్పడం అలవాటు చేసుకుంది. బాబాయి నాతో అన్న మాట: ‘మన దగ్గర నెట్ ఇంతేలేరా.’ స్పీడ్ టెస్ట్ పెడితే ఒకసారి 60, ఇంకోసారి 8.

లాప్‌టాప్ తీసుకెళ్ళి చిన్న వైరుతో నేరుగా రౌటర్‌కే తగిలిస్తే ప్లాన్‌లో ఉన్న వేగం మొత్తం వచ్చింది. అంటే బయటి లైన్ బాగుంది, గోడలోని వైరు బాగాలేదు. వైరు వేసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే టెస్టర్ పెట్టి చూపించాడు. ‘ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి కదా సార్, వైర్‌లో ఏం లేదు.’ అతను అబద్ధం చెప్పలేదు. ఈ కొస నుంచి ఆ కొసకి కరెంటు పోతోందా అన్నదే ఆ టెస్టర్‌కి తెలిసిన ప్రశ్న. మూడో కాలుకీ ఆరో కాలుకీ కూర్చున్న తీగలు రెండు వేర్వేరు జంటలవి. అవి రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని లేవు. బెల్ 1881లో పెట్టిన పురి ఆ పదిహేను మీటర్ల గోడలో ఆ సంకేతానికి లేకుండా పోయింది. రంగుల వరస కాగితం మీద రాసిచ్చాను. రెండు కొసలూ కత్తిరించి మళ్ళీ క్రింప్ చేయడానికి అతనికి పట్టింది పావుగంట.

*

ఇక మొదట్లో చెప్పిన 94 దగ్గరికి వద్దాం. 1995 నాటి ఫాస్ట్ ఈథర్నెట్ కూడా ఆ రెండు జంటలే వాడుకుంది. అప్పటికే ఆఫీసుల్లో 10 మెగాబిట్ల పరికరాలు బోలెడు ఉన్నాయి. కొత్తదాన్ని పాతదానికి తగిలిస్తే ఏం కావాలి? దీనికోసం నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ తయారుచేసిన పద్ధతి ఆధారంగా ఆటో నెగోషియేషన్ వచ్చింది. పాత పరికరాలు ఖాళీగా ఉన్నప్పుడు నేనున్నానని 16 మిల్లీసెకన్లకోసారి ఒక చిటికె వేసేవి. కొత్త పరికరాలు ఆ ఒక్క చిటికె స్థానంలో గబగబా చాలా చిటికెలు వేసి, వాటిలో తమకి వచ్చిన వేగాల జాబితా చెప్పుకుంటాయి. ఇద్దరికీ వచ్చినవాటిలో పెద్దది ఏదైతే అది ఖాయం. పెళ్ళి మాటల్లో పెద్దమనుషుల్లా ఎవరి పరువూ పోకుండా తేల్చేస్తాయి.

1999లో రాగి తీగ మీద గిగాబిట్ వచ్చింది. దానికి నాలుగు జంటలూ కావాలి. ఒక్కో జంట మీద సెకనుకి 250 మెగాబిట్లు, అదీ రెండు వైపులా ఒకేసారి. తను పంపిన సంకేతం ప్రతిధ్వనిని తనే తీసేసుకుంటూ అవతలివాడి సంకేతాన్ని వినాలి. అద్భుతమైన ఇంజనీరింగే. కానీ బేరం మాత్రం పాత అలవాటు ప్రకారం 1, 2, 3, 6 తీగల మీదే జరుగుతుంది. ఇప్పుడు గోధుమ రంగు జంటలో ఒక తీగ సాకెట్ వెనకాల సరిగ్గా కూర్చోలేదనుకోండి. మాట్లాడుకునే తీగలు బాగానే ఉన్నాయి కాబట్టి రెండు వైపులా గిగాబిట్‌కి ఒప్పుకుంటాయి. తీరా మొదలెట్టబోతే నాలుగో జంట పలకదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, ఇప్పటి చిప్పుల్లో చాలావరకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎనిమిదింట్లో ఒక్క తీగ పోయినందుకు వేగంలో పదో వంతే మిగులుతుంది.

చవక కేబుళ్ళది ఇంకో కథ. పైకి రాగి, లోపల అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియం వాహకత నూటికి 61 వంతులు. పెళుసు కూడా, వంచినచోట విరుగుతుంది. క్యాట్ 6 అని పైన అచ్చువేసి అమ్ముతారు గానీ ఆ ప్రమాణం అడిగేది అచ్చమైన రాగి. అది కూడా వెంటనే చచ్చిపోదు. మెల్లగా తగ్గుతుంది.

*

బాబాయి ఇంట్లో వేగం 94 దగ్గర నిలబడకుండా 60కీ 8కీ మధ్య ఎందుకు ఊగింది? ఆ జవాబు 1986 అక్టోబరులో ఉంది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ నెలలో వాటి మధ్య నెట్ వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. అంటే సెకనుకి ఐదు ఇంగ్లిష్ అక్షరాలు. తీగలు తెగలేదు. పొట్లాలు పోతున్నకొద్దీ ప్రతి కంప్యూటరూ మళ్ళీ మళ్ళీ పంపుతోంది, దాంతో రద్దీ పెరిగి ఇంకా పోతున్నాయి. ఇలాంటిది రావచ్చని జాన్ నేగల్ 1984లోనే హెచ్చరించి ఉన్నాడు.

వాన్ జాకబ్‌సన్, మైకేల్ కరెల్స్ కలిసి కనిపెట్టిన మందు 1988లో వ్యాసంగా వచ్చింది. పొట్లం పోయిందంటే దారి కిక్కిరిసిందని అర్థం చేసుకో. నీ వేగాన్ని సగానికి తగ్గించుకో. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో. ఇంటర్నెట్ ఇవాళ్టిదాకా కుప్పకూలకుండా నిలబడిందంటే కోట్లాది యంత్రాలు ఈ మాట పాటించడం వల్లే. అయితే అందులో ఒక ఊహ ఉంది. తీగలో పాడై పోయే పొట్లాలు చాలా అరుదు, నూటికి ఒకటి కంటే ఎంతో తక్కువ, అందుకని పోయిన ప్రతి పొట్లాన్నీ రద్దీ లెక్కలో రాసేయచ్చు. 1988లో అది న్యాయమైన ఊహే.

పురి తప్పిన తీగ ఈ ఊహకి అడ్డం వస్తుంది. రొద వల్ల నూటికి ఒక పొట్లం పాడైందనుకుందాం. మిగతా 99 క్షేమంగా చేరాయి, దారంతా ఖాళీగా ఉంది. కానీ పంపేవాడికి ఆ సంగతి తెలీదు. రద్దీ కాబోలనుకుని సగానికి తగ్గుతాడు. కాస్త పెంచుకునేలోపు ఇంకో పొట్లం పోతుంది, మళ్ళీ సగం. 1997లో మాథిస్, అతని సహచరులు ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే, అవతలి సర్వర్‌కి వెళ్ళి రావడానికి 20 మిల్లీసెకన్లు పట్టే దారిలో నూటికి ఒక పొట్లం పోతే, ఆ పాత పద్ధతిలో ఒక కనెక్షన్‌కి దక్కేది సుమారు 7 మెగాబిట్లు. ప్లాన్ 300 అయినా అంతే, 1000 అయినా అంతే. నూటికి ఒక్క తప్పుకి ఇంత శిక్ష. పొట్లం పోవడాన్నే రద్దీకి గుర్తుగా తీసుకోని బీబీఆర్ పద్ధతి 2016లో గూగుల్ నుంచి వచ్చింది. ఆ వ్యాసం రాసినవాళ్ళలో జాకబ్‌సన్ కూడా ఉన్నాడు, తన ఊహని 28 ఏళ్ళ తర్వాత తనే తిరగరాస్తూ.

దీనికి తలకిందులైన జబ్బు కూడా ఒకటుంది. 2010లో జిమ్ గెట్టిస్ తన ఇంట్లో పెద్ద ఫైళ్ళు పంపేటప్పుడు నెట్ మొత్తం జవాబివ్వకుండా పోవడం గమనించి తవ్వుకుంటూ వెళ్ళాడు. మెమరీ చవకైపోయి, పరికరాలు చేసేవాళ్ళు పొట్లాలు దాచుకునే గోదాములు మరీ పెద్దవి పెట్టేశారు. ఒక్క పొట్లమూ పోదు, అన్నీ వరసలో నిలబడి ఉంటాయి. పొట్లం పోతేగానీ తగ్గని కంప్యూటర్‌కి, తగ్గాల్సిన వేళ అయిందన్న కబురే అందదు. అతను ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. వేగం అంకె బాగుండి కూడా ఎవరో ఫోటోలు అప్‌లోడ్ చేసేటప్పుడు వీడియో కాల్ తడబడుతోందంటే అనుమానించాల్సింది దీన్నే.

*

ఇంత దూరం వచ్చాక నాకు కనబడేది ఇది. గుద్దుకుంటే ఆగాలని మెట్‌కాఫ్, ఇద్దరికీ కుదిరేదానికి ఒప్పుకోవాలని 1995 నాటి కమిటీ, పొట్లం పోతే సగానికి రావాలని జాకబ్‌సన్. ఎవరి కాలంలో వాళ్ళు చేసింది సరైన పనే. తగ్గడం నేర్వని నెట్‌వర్కు 400 గజాల దూరానికి సెకనుకి ఐదు అక్షరాలు పంపే గతికి వచ్చింది కదా. కానీ ఈ తగ్గుళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కింద తీగ తప్పు చేస్తే దాని పైమెట్టు సర్దుకుంటుంది, ఆ పైమెట్టు ఇంకాస్త సర్దుకుంటుంది, వీడియో కాల్ యాప్ బొమ్మని మసక చేసి సర్దుకుంటుంది. చివరి మెట్టు మీద మనిషి ఉంటాడు. మన దగ్గర ఇంతేలే అనుకుని అతనూ సర్దుకుంటాడు. గోడలో మూడో కాలు తప్పు ఇలా అన్ని మెట్లూ ఎక్కి మా పిన్ని పాఠం దగ్గర తేలింది. అక్కడికి వచ్చేసరికి అది తీగ తప్పులా కనబడటం మానేసి, లాప్‌టాప్ వయసులాగా, ఊరి ఖర్మలాగా కనబడింది.

అందుకే వెతికేటప్పుడు మెట్లు దిగుతూ రావాలి. ముందు కంప్యూటర్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. అక్కడ 1000 ఉండాల్సిన చోట 100 ఉంటే స్పీడ్ టెస్ట్ అక్కర్లేదు, తప్పు మీ ఇంట్లోని తీగదో ప్లగ్‌దో, లేదా రెండింట్లో ఒక పరికరం 100 దగ్గరే ఆగిన పాతకాలపుదై ఉంటుంది. తర్వాత చిన్న మంచి వైరుతో రౌటర్ పక్కనే కూర్చుని చూడండి. అక్కడ బాగుంటే గోడలో వైరునీ, రెండు కొసల ప్లగ్గుల్నీ అనుమానించండి. లింక్ స్పీడ్ సరిగ్గా ఉండి వేగం ఊగుతుంటే నెట్‌వర్క్ కార్డు లెక్కపెట్టిన తప్పుల పట్టిక తీయండి. పాడైన పొట్లాలు ఎన్నో ఆ కార్డు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. అడిగేవాళ్ళే ఉండరు. ప్లగ్ విప్పి చూడాల్సి వస్తే రంగుల వరసతో పాటు పురి ఎంత మేర విప్పారో కూడా చూడండి. 13 మిల్లీమీటర్లు దాటకూడదు.

తగ్గే పద్ధతిని మిల్లీసెకన్ల దాకా రాసిపెట్టిన ప్రమాణాల్లో, తగ్గానన్న మాట ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో మాత్రం లేదు. చాలా రౌటర్ల వెనక వైరు గుచ్చినచోట చిన్న లైటు ఉంటుంది. కొన్నిట్లో గిగాబిట్‌కి పచ్చగా, 100కి నారింజ రంగులో వెలుగుతుంది. ఇంకొన్నిట్లో తలకిందులు. కొన్నిట్లో రెండింటికీ ఒకటే రంగు. మీ రౌటర్‌లో ఏ రంగుకి ఏ అర్థమో ఆ పెట్టెతో వచ్చిన కాగితంలో ఉంటుంది. వీలైతే ఒకసారి తీసి చూడండి.